మా నాయన ఉత్తరాలు ఎంతమంది రాశారు?

బైబిల్‌లోని ఏ గ్రంథం ఎవరిదో తేల్చడానికి పండితులు వాడే పద్ధతులను ఈ వేసవిలో పట్టుబట్టి చదివి, చదువు వృథా కాకూడదని, చిత్తూరులో మా ఇంటి ట్రంకుపెట్టెలో ఉన్న నాయన కాగితాల మీద ప్రయోగించాను. మా నాయన ఒక్కడు కాదని తేలింది.

మొదటి ఆధారం దేవుడి పేరు. బైబిల్ మొదటి ఐదు గ్రంథాలూ మోషే ప్రవక్తే రాశాడని సంప్రదాయం. వాటిలో మొదటిదైన ఆదికాండంలో దేవుణ్ణి కొన్నిచోట్ల ఎలోహీం అని, కొన్నిచోట్ల యెహోవా అని పిలవడం చూసి, మోషే వేర్వేరు పాత ప్రతులను కూర్చి ఉంటాడని 1753లో జాఁ ఆస్త్రూక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఊహించాడు. తర్వాతివారు మోషేనే పక్కకు తప్పించారు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ పండితుడు వెల్‌హౌజెన్ నాటికి మూలాలు నాలుగయ్యాయి. మా నాయన అమ్మకు రాసిన కార్డులో ‘ఏడుకొండలవాడు’, అక్క శుభలేఖలో ‘శ్రీ వేంకటేశ్వరస్వామి’, మామిడికాయలు కొన్న ఉత్తరాది సేటుకు పంపిన ఉత్తరంలో ‘బాలాజీ’ అన్నాడు. పెట్టె సగం కూడా ఖాళీ కాకముందే ముగ్గురు నాయనలు దొరికారు.

రెండోది మాటల లెక్క. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు పేరున్న 13 పత్రికల్లో, అంటే ఉత్తరాల్లో, నిస్సందేహంగా ఆయనవి 7 మాత్రమేనని ఎక్కువమంది పండితుల మాట. 1960లలో ఏ.క్యూ. మోర్టన్ అనే స్కాట్లాండు పాదిరి, ‘మరియు’ అనే అర్థమిచ్చే గ్రీకు ‘కై’ని కంప్యూటరుతో లెక్కపెట్టించి, రోమా, కొరింథీ, గలతీ పత్రికలను ఉంచి మిగతావాటిలో చాలావరకు పౌలువి కావన్నాడు. ఆ లెక్కన, ‘మహారాజశ్రీ తహశీల్దారు గారి సముఖమునకు’ అని మొదలై తొమ్మిది ‘సదరు’లతో ఒకే వాక్యంగా సాగిన అర్జీని రాసినవాడూ, ‘రేయ్, బోరు ఎండిపోయింది, దుడ్లు పంపు’ అని నాకు రాసినవాడూ ఒకడే అయ్యే ప్రసక్తే లేదు.

కానీ ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. తాలూకాఫీసు ముందు చింతచెట్టు కింద దస్తావేజు లేఖరి రాస్తుంటే, నాయన వక్క నములుతూ చెప్పి, చివర వేలెడంత అక్షరాలతో సంతకం పెట్టాడు. రోమా పత్రిక చివర్లోనూ, దాన్ని రాసిన లేఖరి తెర్తియు తల దూర్చి తన వందనాలు చెప్పుకుంటాడు. గలతీ పత్రికలో పౌలు తన చేత్తో ఎంత పెద్ద అక్షరాలు రాస్తున్నాడో చూడమంటాడు. ‘కై’లను లెక్కపెట్టిన యంత్రానికి వక్క నమిలే మనిషి కనబడడు.

అలాగని అంతా నవ్వుకుని వదిలేసేదీ కాదు. భూమి మీద అందరికన్నా మిక్కిలి సాత్వికుడు మోషే అని మోషేయే రాసుకున్నాడంటే నమ్మడం కష్టం. ఆ ఐదింట్లో చివరిదైన ద్వితీయోపదేశకాండం 34వ అధ్యాయంలో ఆయన మరణం, ఆయన సమాధి నేటివరకూ ఎవరికీ తెలియదన్న మాట కనబడితే పండితుడు అనుమానించక ఏం చేస్తాడు? మా పెట్టె అడుగున బెల్లం లెక్కల పుస్తకం ఉంది. దాని చివరి పేజీలో నాయన పెద్దకర్మ ఖర్చులు, బియ్యం మొదలు ఆకుల కట్టల దాకా, అచ్చం ఆయన రాసినట్టే ఉన్నాయి. రాసింది మా అన్న. అట్ట మీద పేరు మాత్రం ఇప్పటికీ నాయనదే.