కాలడమే అలవాటైన మా బోరు మోటరు గారికి

5 హెచ్‌పీ మోటరు గారికి, నర్సంపేట దగ్గరి మా బావి కాడి నుంచి నమస్కారాలు.

వరి పొట్టకొచ్చిన వారం చూసి మరీ కాలారు. వైండింగ్ షాపులో విప్పితే తీగ మీది ప్లాస్టిక్ కరిగి ముద్దయింది.

తప్పు నాదే. ఈసారి కాలేదాకా ఆగకుండా లెక్క కట్టి ముందే సర్వీసింగ్ చేయిద్దామనుకున్నా. కాకతీయ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదివినోణ్ణి, ఆ మాత్రం పొగరుండదా! 1960లో బార్లో, హంటర్ అనే ఇద్దరు దారి చూపించారు. ముందే తీస్తే మాకు 5 వేలు, కాలాక తీస్తే 14 వేలు. ఒక్కోదాన్ని అది జరిగే అవకాశంతో గుణించి, కలిపి, మీరు సగటున నడిచే రోజులతో భాగించాలి. రోజు ఖర్చు ఏ వయసులో తక్కువొస్తే అప్పుడు పైకి లాగాలి.

మీరు కాలిన తేదీలన్నీ స్టార్టర్ డబ్బా తలుపు లోపల బాపు చాక్‌పీస్‌తో రాసిపెట్టాడు. మొత్తం ఐదు. మధ్య ఎడం 22, 2, 3, 29 నెలలు. సగటు 14. ప్రామాణిక విచలనం, అంటే ఎడాలు సగటుకు ఎంత అటూ ఇటూ ఉన్నాయో చెప్పే కొలత, కూడా దాదాపు 14! అరిగిపోయే వస్తువుకు అది సగటు కన్నా బాగా తక్కువుండాలి. రెండూ ఒక్కటే అయ్యాయంటే మీకు వయసుతో పనిలేదన్నమాట. నిన్న దించినా, రెండేళ్ల కింద దించినా రేపు కాలే అవకాశం అంతే. అలాంటప్పుడు ముందే తీస్తే ఆ 5 వేలు దండగ. (నాలుగంకెలతో తీర్పు చెప్తే మా సారు ఊరుకునేవాడు కాదు, అది వేరే సంగతి. బుష్‌లు మాత్రం వయసుతోనే అరుగుతాయి.)

మిమ్మల్ని కాల్చేది వయసు కాదు, మేమే. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఆటో స్టార్టర్ల పుణ్యాన ఒక్కసారే లేస్తాయి. వోల్టేజీ పడిపోతుంది, మీరు ఎక్కువ ఆంప్స్ గుంజుతారు, వేడెక్కుతారు. ఒక ఫేజు పోయినా ఇదే కథ.

బాపు ఎప్పుడూ ఒకటే అంటాడు: "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతవ్ రా?" రెండో ప్రపంచ యుద్ధంలో వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త బ్రిటిష్ విమానాల లెక్కలు చూసి, తనిఖీ అయిన వెంటనే రిపేర్లు పెరుగుతున్నాయని పట్టుకున్నాడు. బాపుకు ఆ పేరు చెప్పలేదు, చెప్తే నన్ను బతకనివ్వడు.

మన ఆటో స్టార్టర్ పీకేశాను. పక్క పొలాలోళ్లు పీకరు, తెలుసు. మళ్ళీ కాలాలనిపిస్తే కోతలయ్యాక, మే నెలలో కాలండి. చాక్‌పీస్ కొనిపెట్టాను.

ఇట్లు,
మీ స్టార్టర్ నొక్కేవాడు