ఫలక్‌నుమా తాళంచెవి ఎవరి చేతిలో ఉంది?

హైదరాబాద్‌లో ఇప్పుడు తాజ్ హోటల్‌గా ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక్క రాత్రి బసకు ఎంతవుతుందో మన యూట్యూబర్లు చెప్పీ చెప్పీ అలసిపోయారు. గేటు దగ్గర నుంచి బగ్గీలో తీసుకెళతారట, మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకలు చల్లుతారట, 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉందట. చివర్లో 'మనలాంటోళ్లకు ఎక్కడవుతుందిలే' అని ఒక నిట్టూర్పు. నా పేచీ ఆ నిట్టూర్పుతోనే. ఆ బగ్గీ, ఆ గులాబీలు, ఒళ్లు మండించే ఆ గది అద్దె లేకపోతే ఆ కొండ మీద ఇవాళ గబ్బిలాలు మిగిలేవి.

ఆతిథ్యం ఆ భవనానికి హోటల్ వాళ్లు తగిలించిన తోక కాదు. పుట్టుకలోనే ఉంది, యజమాని కొంప ముంచేంత ఉంది. 'పైగా' అనే నవాబుల వంశంవాడు, హైదరాబాద్ రాజ్య ప్రధానిగా చేసిన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేశాడు. తేలు ఆకారంలో ప్లాను, ఇటలీ నుంచి పాలరాయి. కట్టడం పూర్తయ్యేసరికి నిలువునా అప్పుల్లో కూరుకుపోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అతిథిగా వచ్చాడు. ఇల్లు నచ్చింది. రోజులు గడుస్తున్నా కదల్లేదు. చివరికి 'ఇది హుజూర్‌వారిదే' అనక తప్పలేదట ఇంటాయనకు. నిజాం డబ్బిచ్చే తీసుకున్నాడని కూడా చెబుతారు. ఎలా జరిగినా, చుట్టపుచూపుగా వచ్చినాయనకు ఇంటి తాళాలే అప్పజెప్పిన కథ ఇది. 1911లో మహబూబ్ అలీ కన్నుమూసింది కూడా ఆ ఇంట్లోనే.

ఏడో నిజాం కింగ్‌కోఠి వదిలి ఇక్కడికి కాపురం రాలేదు. ఫలక్‌నుమా దొరలకు, రాజులకు గెస్ట్‌హౌస్ అయింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దిగారు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ అతిథి లేడు. తాళం పడింది, దశాబ్దాల పాటు.

మనవైపు పాడుబడ్డ ఇంటిని చూస్తే పెద్దవాళ్లు 'దీపం పెట్టే దిక్కు లేదు' అంటారు. దాన్ని సెంటిమెంటు అనుకుంటాం గానీ అందులో ఇంజినీరింగ్ ఉంది. మనుషులు మసలే ఇంట్లో కప్పు కారితే మొదటి చుక్క ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. తిట్టుకుంటూనే మేస్త్రీని పిలుస్తారు. పని వంద రూపాయల సిమెంటుతో పోతుంది. తాళం వేసిన ఇంట్లో ఆ చుక్క నేల మీద పడుతుంది. మూడు వానాకాలాలకు దూలం నానుతుంది, చెద పడుతుంది, తూము పూడుకుంటుంది, గోడలో రావి మొక్క లేస్తుంది. ఐదేళ్ల తర్వాత ఎవరో తలుపు తీసి 'అయ్యో, శిథిలావస్థ' అంటారు. భవనాలు వయసుతో చావవు. మొదటి చుక్కను చూసే మనిషి లేక చస్తాయి.

హోటల్ ఆ మనిషిని నిలబెడుతుంది, జీతమిచ్చి మరీ. గదిలో తేమ వాసన వస్తోందని అతిథి ఫోను కొడితే అరగంటలో ఎవరో ఒకరు పైకి రావాలి. లేకపోతే రేపు రివ్యూలో రాస్తాడు. 101 కుర్చీల బల్ల మీద రోజూ గుడ్డ పడుతుంది. షాండ్లియర్ పూసల దుమ్ము దులిపే మనిషికి పగిలిన పూస ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు. వారసత్వ పరిరక్షణ అంటే మనకు సదస్సు, బ్యానరు, ఫొటో. అక్కడ దాని పేరు హౌస్‌కీపింగ్.

ఇదంతా దానంతట అదే జరగలేదు. ఎనిమిదో నిజాం ముకర్రం జా ఆస్ట్రేలియా గొర్రెల మేతభూముల్లో ఉండగా ఇక్కడి ఆస్తులు కోర్టుల పాలయ్యాయి. ఆయన మాజీ భార్య, టర్కీ ఆడపడుచు ఎస్రా వెనక్కి వచ్చి పూనుకున్నారు. తాజ్ గ్రూపు లీజుకు తీసుకుంది. మరమ్మతులకే దాదాపు పదేళ్లు పట్టి, 2010 నవంబరులో తలుపులు తెరిచారు.

అభ్యంతరం నాకు తెలియనిది కాదు. రైతుల శిస్తుతో కట్టిన వైభవాన్ని మళ్లీ డబ్బున్నవాళ్లకే అమ్ముతున్నారు, సలాము కూడా ప్యాకేజీలో భాగమే, కొండ కింద ఇంజన్‌బౌలి వాళ్లకు లోపలికి దారి లేదు అంటారు. నిజమే. కానీ అదే ఎస్రా చేతుల మీదుగా పాతబస్తీలోని నిజాంల ప్యాలెస్ చౌమహల్లా కూడా బాగుపడింది. అక్కడ గది అద్దె లేదు, బగ్గీ లేదు. టికెట్టు కొనుక్కుని పిల్లాజెల్లాతో ఖిల్వత్ దర్బారు హాల్లోకి నడిచి, 19 షాండ్లియర్ల కింద సెల్ఫీ దిగి రావచ్చు. 2010లోనే యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. ఒకటి హోటల్, ఒకటి మ్యూజియం. రెండూ బతికాయి, ఎందుకంటే రెండింటికీ రోజూ పొద్దున్నే తలుపు తీసేవాళ్లున్నారు. హోటలే చేయాలని నేననడం లేదు. ఏదో ఒకటి చేయండి అంటున్నా.

(2017 నవంబరులో ఇవాంకా ట్రంప్‌కు ప్రధాని మోదీ విందు ఇచ్చింది ఫలక్‌నుమాలోనే. సరిగ్గా అప్పుడే నగరంలో భిక్షాటనను నిషేధించి, బిచ్చగాళ్లను పోగుచేసి జైలు ఆవరణలోని ఆశ్రమాలకు తరలించారు. ఆతిథ్యం పేరుతో సిగ్గుపడాల్సింది ఏదైనా ఉంటే అది. గులాబీ రేకలు కావు.)

ఇంతకీ నా గోల ఫలక్‌నుమా గురించి కాదు. దానికి అడిగే నాథుడున్నాడు. సర్కారు చేతిలో ఉన్నవాటి సంగతేమిటి? నవాబుల కాలం నాటి ప్యాలెస్ ఎర్రమంజిల్‌నే తీసుకోండి. కూలగొట్టి కొత్త అసెంబ్లీ కడతామని 2019 జూన్‌లో భూమిపూజ చేశారు. సెప్టెంబరులో హైకోర్టు ఆపింది. ఆపింది సరే, ఆ తర్వాత దాన్ని వాడుకునే ఆలోచన ఎక్కడ? కూల్చకపోవడమే కాపాడటం అనుకుంటున్నాం.

మూసీ ఒడ్డుకు రండి. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లిష్ ఆర్కిటెక్టు మనకు కట్టిచ్చినవాటిలో కాచిగూడ స్టేషన్ ఉంది, హైకోర్టు ఉంది, ఉస్మానియా ఆస్పత్రి ఉంది. కాచిగూడకు ఏ హెరిటేజ్ వాక్ అవసరం లేదు, రోజూ రైళ్లొస్తాయి. ఉస్మానియా పాత బ్లాకులోకి 2020 జులైలో వాన నీళ్లొచ్చాయి. వార్డులు ఖాళీ చేశారు, తాళం వేశారు. కూల్చాలా ఉంచాలా అని ఏళ్ల తరబడి కేసులు నడిచాయి. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన అయింది. రోగులకు అది మంచిదే, అందులో వాదనే లేదు. హైకోర్టుకు కూడా 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో కొత్త ప్రాంగణానికి రాయి వేశారు.

అంటే కొన్నేళ్లలో మూసీ మీది నయాపూల్ వంతెన మీద నిలబడితే ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి, ఒకే మనిషి గీసిన రెండు భవనాలు ఖాళీగా ఎదురెదురుగా కనిపిస్తాయి. 'పాత కట్టడాన్ని పరిరక్షిస్తాం' అనే మాట నాకు చాలదు. మెడికల్ మ్యూజియమా, లా యూనివర్సిటీయా, లైబ్రరీయా, హోటలా, ఏదైనా సరే, కొత్తింట్లో పాలు పొంగించకముందే పాతింటి తాళంచెవి ఎవరికిస్తున్నారో పేరు చెప్పాలి. ఈలోగా ఇంకో వానాకాలం వస్తుంది. ఉస్మానియా కప్పు మీద పడే మొదటి చుక్కను చూడటానికి ఇప్పుడు అక్కడ ఎవరున్నారు?