మహారాజశ్రీ మినరల్ వాటర్ బాటిల్ గారి సముఖానికి

మారతహళ్లి, బెంగళూరు

ఉభయకుశలోపరి. మేం రాకముందే హోటల్ బల్ల ఎక్కి చల్లగా కూర్చుంటారు కాబట్టి మీ క్షేమం వేరే అడగక్కర్లేదు.

పోయిన వేసవిలో ఇందిరానగర్‌లో మనం కలిశాం. మా చెల్లికి సంబంధం చూస్తున్న రోజులు. అబ్బాయి వాళ్లు నలుగురు, మేం ఐదుగురం. మా నాన్న ఒంగోలు నుంచి రాత్రి బస్సులో దిగారు. మెనూ ఇంకా తెరవనేలేదు, వెయిటర్ వంగి మెల్లగా అడిగాడు: "రెగ్యులర్ వాటరా సార్, మినరల్ వాటరా?"

"రెగ్యులర్ అంటే రోజూ తాగేవే కదరా, అవే ఇమ్మను" అన్నారు నాన్న.

వెయిటర్ ఏమీ అనలేదు. నా వైపు చూశాడంతే. అబ్బాయి వాళ్లమ్మ కూడా చూసింది. పిల్లనిచ్చేవాళ్లు నీళ్ల దగ్గరే ఇంత లెక్క చూస్తే రేపు పెట్టుపోతల దగ్గర ఏం చూస్తారో అన్నట్టు అనిపించింది నాకు. "మినరలే" అన్నాను. అనేలోపే టప్‌మని మీ మూత తిరిగింది. అసలు మీ మూత తిరిగాకే నేనన్నానేమో, ఇప్పటికీ అనుమానం.

ఇంతకీ మీరు మినరల్ కూడా కాదట కదండీ. సంబంధం మాటల్లో మొహమాటంగా ఉండి మీ లేబుల్ చదువుతూ కూర్చున్నాను. చిన్న అక్షరాల్లో ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అని ఉంది. మీ గోత్రం, అంటే లేబుల్ మీది భారతీయ ప్రమాణం నంబరు, ఐఎస్ 14543. అసలు మినరల్ వాటర్ వాళ్లది ఐఎస్ 13428. గోత్రం దాచి పెళ్లిచూపులకు వచ్చింది మీరొక్కరే. జాతకమూ అంతంత మాత్రమే. 2024 నవంబర్‌లో ఆహార భద్రత సంస్థ మిమ్మల్ని హై రిస్క్ కోవలో వేసింది.

మరి ఆ రెగ్యులర్ నీళ్లు ఏం తక్కువ తిన్నాయి? వంద కిలోమీటర్ల అవతల తొరెకాడనహళ్లి నుంచి కావేరిని పంపులు పెట్టి ఈ ఊరికి ఎక్కిస్తున్నారు. 2024 అక్టోబర్‌లో ఆ కావేరి పథకం ఐదో దశ మొదలుపెట్టారు, రోజుకు 77.5 కోట్ల లీటర్లు దాని లెక్క. అదే ఏడాది మార్చిలో బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడినప్పుడు, తాగే నీళ్లతో కారు కడిగితే 5000 రూపాయల జరిమానా అన్నారు. కారు కడిగితే నేరమయ్యేంత విలువైన నీళ్లు కదా, బల్ల దగ్గర అడగడానికి మాత్రం మాకు సిగ్గు! ఎండాకాలం వస్తే నాలుగు తాటాకులు కప్పి, కుండలు పెట్టి చలివేంద్రం నడిపే ఊరి నుంచి వచ్చినవాడు మా నాన్న. గ్లాసుడు మంచినీళ్లు అడగడానికి ఆయన నా మొహం చూడాల్సి వచ్చింది.

గ్లాసులో రెండు గుక్కలు తగ్గితే చాలు, ఎక్కడినుంచో వచ్చి నింపేసేవాడు మీ వెయిటర్. పప్పు అడిగితే పావుగంట, నీళ్లు అడగకుండానే! అలా ఆరు బాటిళ్లు లేచాయి.

(అబ్బాయి తమ్ముడు ఆరెంజ్ జ్యూస్ చెప్పాడు. గ్లాసు నిండా ఐసు, సందుల్లో జ్యూసు. తినకూడని ఐసుకు నీలం రంగు కలపాలని 2018లో నిబంధన పెట్టారు. జ్యూసు కనపడనంత ఐసుకు ఏ రంగు కలపాలో కూడా అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది.)

ఇంతలో అబ్బాయి వాళ్ల నాన్నగారు గొంతు సవరించుకుని, "నాకు కాసిని వేడినీళ్లు ఇప్పించండి" అన్నారు. వెంటనే పెద్ద గ్లాసులో పొగలు కక్కుతూ వచ్చాయి. తాగారు, మళ్లీ అడిగారు, మళ్లీ వచ్చాయి. బిల్లులో వాటి ఊసే లేదు. ఈ ఊరి ఆచారం అప్పుడు అర్థమైంది నాకు. ఉత్త నీళ్లకు డబ్బులు, గ్యాసు తగలేసి కాచిన నీళ్లు ఉచితం! ఏ అర్థశాస్త్రమండీ ఇది?

మీ ఒంటిమీద 20 అని అచ్చేసి ఉంది, బిల్లులో 75. ఆరింటికి 450, ఆపైన 5 శాతం జీఎస్టీ. అడుగుదామంటే 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది, హోటళ్లు మిమ్మల్ని ఎమ్మార్పీ కంటే ఎక్కువకు అమ్ముకోవచ్చని. హోటల్‌కు వచ్చేవాడు బాటిల్ కొనుక్కుపోవడానికి రాడు, అక్కడి వాతావరణం ఆస్వాదించడానికి వస్తాడట. మా వాతావరణం సరిగ్గా మా నాన్న మెడ మీదికి వీస్తున్న ఏసీ. ఆయన తువ్వాలు కప్పుకుని ఆస్వాదించారు.

లేస్తూ ఆరు ఖాళీ బాటిళ్లూ సంచిలో వేసుకున్నారు నాన్న. "డబ్బులిచ్చాంగా" అన్నారు. ఈసారి నేనెవరి వైపూ చూడలేదు. మీ వాళ్లిప్పుడు మా ఫ్రిజ్ తలుపులో ఉన్నారు, ఇరవై లీటర్ల క్యాను నీళ్లు నింపుకుని.

అసలు విషయం మరిచాను. సంబంధం ఖాయమైంది. నిన్న వేడినీళ్ల మావయ్యగారు మా నాన్నకు ఫోన్ చేశారు. "బావగారూ, భోజనాల దగ్గర జగ్గులూ స్టీలు గ్లాసులూ వద్దండీ. ఆకుకో చిన్న బాటిల్ పెట్టించండి, చూసేవాళ్లకు బాగుంటుంది" అన్నారట.

కావున తమరు చిన్న సైజులో, నాలుగు వందల మంది, సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన.

ఇట్లు,
పెళ్లికూతురి అన్నయ్య