సవరణ: ఐజీఈని కనిపెట్టింది ఒక్కరు కాదు

అలర్జీకి మూలమైన ఐజీఈ యాంటీబాడీని జపాన్ శాస్త్రవేత్త కిమిషిగె ఇషిజాకా టోక్యోలో ఒంటరిగా కనిపెట్టారని ఆదివారం రాశాను. రెండూ తప్పే. ఆ పని జరిగింది అమెరికాలోని డెన్వర్‌లో. చేసింది ఆయన, ఆయన భార్య తెరుకో కలిసి. 1966 నాటి పరిశోధన పత్రాలు తీసి చూస్తే ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చూడకుండా రాసేశాను, పొరపాటు నాదే.

రాగ్‌వీడ్ (మన వయ్యారిభామకు చుట్టమే) పుప్పొడి పడనివాళ్ల సీరమ్‌ను (రక్తంలోని ద్రవభాగం) ఈ దంపతులు తమ చర్మంలోకే ఎక్కించుకుని, తర్వాత అదే చోట పుప్పొడి సారం గుచ్చి, దద్దురు లేస్తుందేమో (లేస్తే ఆ సీరమ్‌లో యాంటీబాడీ ఉన్నట్టు) చూసుకునేవారు. అప్పట్లో టెస్టంటే అదే మరి.

ఇంకోటి కూడా వదిలేశాను: స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ అనే శాస్త్రవేత్తలు విడిగా అదే ప్రొటీన్‌ను పట్టుకున్నారు. ఐజీఈ అన్న పేరు 1968లో ఖాయమైంది.