వారసుల గడప దాకా వెళ్లని బీమా సొమ్ము

పాలసీదారులెవరూ అడగని సొమ్ము పదేళ్లు దాటితే, బీమా కంపెనీలు దాన్ని ఏటా మార్చి 1లోగా కేంద్రం నడిపే వృద్ధుల సంక్షేమ నిధిలో జమ చేయాలి. 2015 ఆర్థిక చట్టంతో వచ్చిన నిధి అది. అక్కడికి వెళ్లాక కూడా 25 ఏళ్లలోపు హక్కుదారులు కంపెనీని అడిగి డబ్బు తీసుకోవచ్చు. ఆ గడువూ పోతే ఇక సర్కారుదే.

ఈ ఏర్పాటును మేం తప్పుపట్టడం లేదు. దిక్కులేని డబ్బు కంపెనీల దగ్గర మూలగడం కన్నా ముసలివాళ్లకు అక్కరకు రావడం నయం. కానీ నిధికి అప్పజెప్పడంలో ఉన్న పట్టుదల, పాలసీదారుల ఇంటివాళ్లను వెతకడంలో ఏదీ? 2023-24లో ఒక్క ఎల్‌ఐసీ దగ్గరే, గడువు తీరినా ఎవరూ తీసుకోని మెచ్యూరిటీ సొమ్ము రూ.880.93 కోట్లని కేంద్రమే లోక్‌సభకు చెప్పింది. 3.72 లక్షల మంది పాలసీదారుల డబ్బది.

వెయ్యి రూపాయలు, ఆపైన ఉన్నవాటి వివరాలు కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చంటారు. ఎవరు చూడాలి? బాండు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. ఉందన్న సంగతి పోయినాయనకే తెలుసు. తీరా దొరికితే, నామినీగా భార్య పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంటుంది, ఆధార్‌లో అత్తింటిది. పుట్టినతేదీ ఆనాడు ఏజెంటు అడిగితే ఉజ్జాయింపుగా చెప్పింది. ఆ ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి ఆవిడ అఫిడవిట్లు పట్టుకుని బ్రాంచి చుట్టూ ఎన్నిసార్లు తిరగాలి? రెండోసారికే చాలామంది వదిలేసుకుంటారు.

2025 అక్టోబరులో కేంద్రం 'మీ డబ్బు, మీ హక్కు' పేరుతో జిల్లాల్లో శిబిరాలు మొదలుపెట్టింది. మంచి పని, సందేహం లేదు. అయితే శిబిరం ఎత్తేశాక పరిస్థితి మళ్లీ మామూలే. ఊళ్లో ఎవరు చనిపోయినా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదవుతుంది. ఆ సమాచారం బీమా కంపెనీలకు నేరుగా అందేలా చూడాలి. నిధికి పంపబోయే పేర్లను ఏడాది ముందే ఆయా ఊళ్ల పంచాయతీ నోటీసు బోర్డుల్లో తెలుగులో అంటించాలి. ఇంటిపేరు మారిందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ ఆపకుండా, పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణ సరిపోతుందని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉత్తర్వు ఇవ్వాలి. వచ్చే మార్చి 1లోపే ఇవ్వాలి.