సవరణ: సేంద్రియ అర్ధవాహకాలలో డోపింగ్

అమలాపురం డిగ్రీ విద్యార్థుల కోసం గత వారం రాసిన పరిచయంలో, సిలికాన్‌లో ఫాస్ఫరస్ చేరినట్టే సేంద్రియ అర్ధవాహకాలలోనూ (కర్బన అణువులతో తయారైన అర్ధవాహకాలలో) డోపెంట్, అంటే వాహకత పెంచడానికి చేర్చే పదార్థం, ఒక పరమాణువును తొలగించి దాని స్థానంలో కూర్చుంటుందని, కోనసీమ చేలలో చచ్చిన కుదురు పీకి కొత్త నారు నాటడంతో పోల్చి చెప్పాను. అది నా పొరపాటు. రసాయనశాస్త్ర అధ్యాపకులొకరు ఎత్తిచూపగా, పాలిమర్ ఎలక్ట్రానిక్స్ పాఠ్యగ్రంథాలు తిరగేసి సరిచూసుకున్నాను.

సాధారణంగా డోపెంట్ అణువు పాలిమర్ గొలుసులోని (చిన్న అణువులు వరుసగా కలిసి ఏర్పడిన పొడవాటి అణువులోని) దేనినీ తొలగించదు. గొలుసుల నడుమ చేరి, వాటినుంచి ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, లేదా వాటికి ఇస్తుంది. అంటే ఇది ఆక్సీకరణ-క్షయకరణ చర్య. ఇలాంటి పాలిమర్ అయిన పాలిఎసిటిలీన్‌కు అయోడిన్ ఆవిరి పట్టించి వాహకతను లక్షల రెట్లు పెంచిన 1977 నాటి ప్రయోగంలో జరిగింది ఇదే. ఆ ప్రయోగం చేసిన షిరకావా, మెక్‌డయార్మిడ్, హీగర్‌లకు 2000లో నోబెల్ బహుమతి రసాయనశాస్త్రంలోనే వచ్చిందన్నది గమనార్హం.

డోపెంట్ మోతాదు కూడా సిలికాన్‌లో వలె లక్షల్లో ఒకటి కాదు, తరచు నూటికి కొన్ని పాళ్లు ఉంటుంది. ఎలక్ట్రాన్ పుచ్చుకున్న డోపెంట్ రుణ అయానుగా అక్కడే నిలిచి, గొలుసుపై ఏర్పడిన ధనావేశాన్ని తనవైపు లాగుతుంది కనుక, చేర్చిన ప్రతి అణువూ స్వేచ్ఛగా కదిలే ఆవేశాన్ని ఇవ్వదు. నాట్ల పోలికను తొలగించాను.