మహారాజశ్రీ వాకింగ్ కవరు గారికి

ఉభయకుశలోపరి. తమరి క్షేమం రోజూ తెల్లవారుజామున మా గోడ మీదుగా చూస్తూనే ఉన్నాను. అయ్యకోనేరు గట్టు చుట్టి, చెమట పట్టని ఒక పెద్దాయన చేతికి వేలాడుతూ మా వీధికి వస్తారు. వచ్చేటప్పుడు మడత, వెళ్లేటప్పుడు మా పూలతో నిండు చూలాలు.

తెల్లపూల మొక్క ఏది పెట్టాలంటే నర్సరీవాళ్లు ఎండ ఎంత తగులుతుంది, నేల ఎలాంటిది అని అడిగారు. తమరి సంగతి ఎవరూ అడగలేదు. మా విజయనగరంలో మొదట అడగాల్సింది అదే.

ముందు నందివర్ధనం పెట్టాం. ముద్దది కాదు, ఐదు రేకుల ఒంటిది. దాదాపు ఏడాదంతా పూస్తుంది, ముల్లు లేదు, ఒకపూట నీళ్లు మరిచినా అలగదు. ఈ సుగుణాలన్నీ తమరికే కలిసొచ్చాయి. తుంచినచోట కారిన పాలచుక్కలు మాత్రం మా వాటా. కార్తీకంలో మా పూలు శివుడికి తమరి ద్వారానే చేరుతున్నాయి. పుణ్యం ఎవరి పద్దులో పడుతోందో ఆయన్నే అడగాలి.

తర్వాత పారిజాతం. పొద్దుగూకాక విచ్చి, తెల్లారేసరికి తనే రాలుతుంది. నేలన పడ్డా పూజకు పనికొస్తుంది. గోడ లోపలే రాలాలి కదా! పెద్దాయన కొమ్మ పట్టి వీధివైపు దులిపారు. మా ఆవిడ బయటికొస్తే, "రాలిపోయినవే గదమ్మా, ఏటైపోద్ది?" అన్నారు.

తెల్లగన్నేరు నిలువెల్లా విషం, మేక కూడా మూతి పెట్టదు. తమరు పెట్టారు. శివుడు వద్దన్న మొగలి వేద్దామంటే, పొదలో పాములు చేరతాయని మా అత్తగారు ఒప్పుకోలేదు. రాత్రి పూసే తెల్లపూలకు అంత వాసన చీకట్లో తిరిగే రెక్కల పురుగులను పిలవడానికట. ఆ పిలుపు తమరిదాకా ఎలా వచ్చిందో!

చివరికి తమరికి అందనిది ఒకటి దొరికింది. కుండీల్లో పెంచుతూ అందరూ బ్రహ్మకమలం అనేది. హిమాలయాల్లోది కాదు, మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి. రాత్రి విచ్చి, తమరు గట్టు దిగేలోపే వాడిపోతుంది. పూసేది మాత్రం ఏడాదిలో ఏ కొన్ని రాత్రులో.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి ఒక్కరోజులో పోయింది. తమరు రోజూ వస్తారు కాబట్టి ఒక్క మనవి: విచ్చినవి కోసుకోండి, మొగ్గలు వదలండి. రేపు మళ్లీ తమరికే కావాలి.

ఇట్లు,
నీళ్లు పోసే హక్కు మాత్రమే ఉన్న ఇంటివాడు,
తోటపాలెం.